వాచీ గారి ప్రయాణం

లక్షల ఖరీదు వాచీని సర్వీసింగుకు పంపాలంటే ఆడపిల్లను అత్తారింటికి సాగనంపినంత హడావిడి. పోస్టు మాటెత్తితే చాలు, అయ్యగారికి గుండె దడ. అందుకే స్వయంగా షోరూముకు మోసుకెళ్లి, రసీదు జేబులో పెట్టుకుని, కాలరెగరేస్తూ ఇంటికొస్తారు. ఆయన మెట్లు దిగాక చాలా షోరూములు చేసే పని ఒకటే: వాచీని కంపెనీ సర్వీస్ సెంటరుకు పార్సిల్ కట్టడం!

మన కృష్ణా తీరపు కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే హోప్ వజ్రాన్ని 1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. గోధుమరంగు కాగితం పొట్లం. తపాలా ఖర్చు 2.44 డాలర్లు, 10 లక్షల డాలర్ల బీమాతో కలిపి 145.29. క్షేమంగా చేరింది. ఆ విన్‌స్టన్ పేరే ఇప్పుడు ఖరీదైన వాచీల మీదా మెరుస్తోంది.

మరి స్వహస్తాల సంగతో?

1766లో లండన్‌లోని జాన్ హారిసన్ ఇంటి నుంచి ఆయన సముద్ర గడియారాలను గ్రీనిచ్‌కు తరలించడానికి ఆస్థాన ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ స్వయంగా వేంచేశారు. ఆ తరలింపులో మొదటి గడియారం కిందపడింది.

దరిదాపుల్లో పోస్టుమ్యాన్ లేడు.