అమెజాన్‌దే పడ్డది, ఇక మనకేం సిగ్గు?

2025 దీపావళి పూట అమెజాన్ సర్వర్లు పడ్డాయి. నెల తిరగకముందే, వెబ్‌సైట్లను మోసే క్లౌడ్‌ఫ్లేర్ పడింది. లోకానికి ఎంత నష్టమొచ్చిందో గానీ, నిజామాబాద్‌లో కౌంటర్ల వెనక కూర్చునేవాళ్లకు మాత్రం మంచి మర్యాద దక్కింది. ఇదివరకు ‘సర్వర్ డౌన్ ఉన్నది’ అనే మాటను కాస్త గొంతు తగ్గించి, మన ముఖం చూడకుండా అనేవాళ్లు. ఇప్పుడు కుర్చీలో వెనక్కి వాలి మరీ అంటున్నారు: ‘అమెజాన్‌దే పడ్డది సార్, మనదెంత?’

నిజమే కదా. వర్జీనియాలో అమెజాన్‌కు వచ్చిన కష్టమే గంజ్‌లో అడ్తి దుకాణానికీ వచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్‌ను కుదిపేసిన ఉపద్రవమే బోధన్ వైపు ఒక రైస్‌మిల్లు ఆఫీసులో నాలుగు కంప్యూటర్లనూ కుదిపేసింది. ఖలీల్‌వాడిలో స్కానింగ్ రిపోర్టు చేతికి రాకపోయినా, కొరియర్ ఆఫీసులో పార్సిల్ కనబడకపోయినా, చిట్టీ డబ్బులు ఇవ్వాల్సిన రోజున క్యాషియర్ కనబడకపోయినా, అన్నిటికీ అమెరికాయే సాక్షి. జమీందారు ఇంట్లో పెళ్లి ఆగిందని మన ఇంట్లో పొయ్యి ముట్టించడం మానేసినట్టుంది వ్యవహారం.

ఇంతకీ అమెజాన్‌తో భుజం భుజం కలిపి పడిపోతున్న ఈ సర్వర్లను మీరెప్పుడైనా కళ్లారా చూశారా? గంజ్‌లో నేనెరిగిన ఒక ఆఫీసులో అది బల్ల కింద, చెత్తబుట్ట పక్కన ఉంటుంది. అసెంబుల్డ్ సిస్టం. పక్క రేకు ఎప్పుడో ఊడిపోయింది, మళ్లీ బిగించలేదు. లోపల ఫ్యాన్ రెక్కల మీద పసుపు దుమ్ము వేలి మందాన పేరుకుని ఉంటుంది. సీజన్‌లో అయితే ఆ ఫ్యాను తిరుగుతోందో మూలుగుతోందో చెప్పలేం. గోడకు డబుల్ టేపుతో అతికించిన ఎనిమిది పోర్టుల స్విచ్, దానికో అడాప్టర్, ఆ అడాప్టర్‌కో ఎక్స్‌టెన్షన్ బాక్సు. అదే బాక్సులో సేఠ్ సెల్‌ఫోన్ చార్జర్, దోమల మందు మిషను. పొద్దున ఊడ్చేటప్పుడు చీపురు తగిలిందంటే నాలుగు కంప్యూటర్లలో టాలీ ఆగిపోతుంది. దాన్నే ‘నెట్‌వర్క్ ఇష్యూ’ అంటారు.

ఆగిన తర్వాత జరిగే పూజ చూడాలి. టెక్నీషియన్‌కు ఫోన్ పోతుంది. అతను ఎక్కడో ఆర్మూర్‌లో ఇంకో సర్వర్ దగ్గర ఉంటాడు. ఏమైంది, ఎప్పటి నుంచి, ఎన్ని సిస్టమ్‌లలో అని ఒక్క ప్రశ్న వేయడు. ‘అన్నా, ఒకసారి బంద్ జేసి చాలూ జెయ్యి’ అంటాడు. ‘జేసిన.’ ‘రౌటర్ గూడ జెయ్యి.’ ‘అదీ జేసిన.’ ‘అట్ల గాదన్నా, రెండూ బంద్ పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, ముందుగాల రౌటర్ చాలూ జెయ్యి.’ ఇది ఇంకా మొదటి అధ్యాయమే.

ఈ బంద్, చాలూల మధ్య ఎంతసేపు ఆగాలన్న దాని మీద మన ఊళ్లో మూడు మతాలున్నాయి. పది సెకన్లు చాలంటుంది ఒకటి. ఐదు నిమిషాలు ఆగకపోతే కరెంటు ‘లోపలే ఉండిపోతుంది’ అంటుంది రెండోది. మూడో మతం సేఠ్‌లది. వాళ్లు బటన్ జోలికి పోరు. నేరుగా లేచి వచ్చి, ప్లగ్గు పీకి, దాని పిన్నుల మీద రెండుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఊది మళ్లీ పెడతారు. ఊదితే ఏమవుతుందని నేను అడగలేదు. విశ్వాసాల జోలికి పోకూడదు.

అసలు గోలేమిటంటే ఈ పూజ అప్పుడప్పుడూ ఫలిస్తుంది. ఫలించకపోయి ఉంటే ఎప్పుడో మానేసేవాళ్లం. ఎందుకు ఫలిస్తుందో చూడండి. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కూ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. నిన్న సర్వర్‌కు చివర 5 వచ్చింది. గుమాస్తాల కంప్యూటర్లన్నిటికీ ‘టాలీ కావాలంటే 5 దగ్గరికి పోండి’ అని చెప్పిపెట్టారు. రాత్రి కరెంటు పోయింది. చవక రౌటర్ తన చిట్టా మరిచిపోయింది. పొద్దున అందరికంటే ముందు ఆఫీసు తెరిచిన కుర్రాడి ఫోను వైఫైకి తగిలింది, 5 దానికి పోయింది. సర్వర్‌కు 9 దక్కింది. ఇప్పుడు గుమాస్తాలంతా 5 తలుపు కొడుతున్నారు. అక్కడ రీల్స్ నడుస్తున్నాయి. సర్వర్ నిక్షేపంగా ఉంది, దాని ఫ్యాను తిరుగుతోంది, డేటా భద్రంగా ఉంది. డౌన్ అయింది ఏదీ లేదు.

బంద్ చేసి చాలూ చేస్తే అదృష్టం బాగుండి 5 మళ్లీ సర్వర్‌కు రావచ్చు. వస్తే ‘చూశారా, అయిపోయింది’ అని టెక్నీషియన్ ఫోన్ పెట్టేస్తాడు. రాకపోతే మళ్లీ బంద్, మళ్లీ చాలూ. సర్వర్‌కు పక్కా నంబరు ఒకటి కేటాయించి రౌటర్‌లో రాసిపెడితే ఈ రోగం పుట్టదు. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టరు. ఎందుకంటే చాలూ కాగానే రోగం మాయమవుతుంది, ఎందుకొచ్చిందో చెప్పే ఆధారమూ రౌటర్‌లోంచి తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ కరెంటు పోయేదాకా అందరూ సుఖంగా ఉంటారు.

ఇంకో ముచ్చట. ఒకవైపు గుమాస్తా బిల్లు సేవ్ చేస్తుండగా ఇటు సేఠ్ ప్లగ్గు పీకి ఊదితే టాలీ డేటాయే చెడొచ్చు. అప్పుడు బ్యాకప్ ఏదంటారు. ఉంది. అదే కంప్యూటర్‌లో, అదే డిస్కులో, డి డ్రైవ్‌లో.

ఇదంతా పెద్ద ఇంజినీరింగా అంటే కాదు. కంప్యూటర్ వెనక వైరు దూర్చిన చోట లైటు వెలుగుతోందా చూడు. రౌటర్‌ను పింగ్ చెయ్యి. జవాబొస్తే ఇంటి లోపల బాగుంది. బయట 8.8.8.8ను పింగ్ చెయ్యి. వస్తే లైను బాగుంది. ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్‌ను పేరుతో పిలువు. నంబరుకు పలికి పేరుకు పలక్కపోతే తప్పు పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంది. నీ కంప్యూటర్ నంబరు 169.254తో మొదలైతే దానికి ఎవరూ నంబరు ఇవ్వలేదన్నమాట, రౌటర్ దాకా వైరు పట్టుకుని పో. స్విచ్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చెక్కినట్టు కొట్టుకుంటుంటే, ఎవరో మహానుభావుడు ఒకే వైరు రెండు కొసలనూ అదే స్విచ్‌లో దూర్చాడేమో చూడు. ఇంటర్ చదివే పిల్లవాడికి పూటలో నేర్పొచ్చు. కానీ కింద వంగి చూడాలి. అమెజాన్ పేరు చెప్పడానికి వంగక్కర్లేదు.

క్లౌడ్‌కు మారితే ఈ బాధలుండవని ఒకాయన బ్యాగు తగిలించుకుని గంజ్ అంతా తిరుగుతున్నాడు. మబ్బుల్లోకి పోవడానికీ రోడ్డు మీది వైరే దారి, ఆ వైరును కాలువ పూడిక తీసే జేసీబీ ఎప్పుడైనా తెంపొచ్చని ఆయన చెప్పడు. కంప్యూటర్లు చూసుకుంటానని ఏడాది కాంట్రాక్టు తీసుకున్న మనిషి సంవత్సరానికి ఒకసారి తప్పకుండా వస్తాడు, రెన్యువల్ చెక్కు కోసం. ఇప్పుడు ‘ఏఐ మానిటరింగ్’ కూడా వచ్చిందట. చీపురును కనిపెడుతుందేమో అడగాలి.

నవ్వింది చాలు. దీనికి డబ్బు కట్టేది ఎవరో చూద్దాం.

నెలవారీ జీఎస్టీ 3బీ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, అమ్మకాలు లేని ఖాళీ రిటర్న్ అయినా రోజుకు 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ‘మా సర్వర్ డౌన్ ఉండె’ అని రాస్తే ఒక్క రూపాయి తగ్గదు. 2025 జనవరిలో జీఎస్టీ పోర్టలే గడువు ముందు మొరాయించింది. అప్పుడేం చేశారు? 11వ తేదీ ఉన్న జీఎస్టీఆర్-1 గడువును 13కు జరిపారు. మంచిదే, జరపాల్సిందే. కానీ న్యాయం గమనించండి: వాళ్లది పడితే గడువు జరుగుతుంది, చిన్న వ్యాపారిది పడితే ఫీజు నడుస్తుంది. 50 వేలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలొద్దు. బిల్లు పుట్టకపోతే లోడెత్తిన లారీ గేటు దగ్గరే ఉంటుంది, డ్రైవర్ బత్తా లెక్క పెరుగుతుంది, హమాలీలు బీడీలు కాలుస్తూ కూర్చుంటారు. ఆ పూట వాళ్ల కూలి ఏ అమెజాన్ ఇస్తుంది?

పసుపు సీజన్‌లో మన యార్డుకు వచ్చే రైతు సంగతి ఇంకా అన్యాయం. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం మొదలైన తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అందుకు గర్వపడ్డాం, పడాలి కూడా. అయితే ఆన్‌లైన్ ఆగిన రోజున ఆ గర్వాన్ని తలకింద పెట్టుకుని కుప్ప పక్కన పడుకునేది రైతు ఒక్కడే. ధర తెలియదు, తూకం కాదు, తక్‌పట్టీ చేతికి రాదు. ఊరి నుంచి తెచ్చిన ట్రాక్టర్ కిరాయి మాత్రం ఆగదు. పోయి అడిగితే ‘గంట ఆగి రా పెద్దాయనా’ అంటారు. ఆ గంట ఎవరి గడియారంలోదో చెప్పరు. భూముల ఆఫీసులోనూ ఇదే మాట: 2025 ఏప్రిల్‌లో భూముల పోర్టల్ ధరణి పేరు భూభారతి అయింది. ‘గంట ఆగి రా’ అనే మాటకు మాత్రం ఇంకా కొత్త పేరు పెట్టలేదు.

నాకు ఒళ్లు మండేది యంత్రం చెడిపోయినందుకు కాదు. యంత్రం చెడిపోతుంది, దాని పని అది. యంత్రం చెడిపోగానే మనిషి కూడా సెలవు పెట్టేస్తున్నాడు, అక్కడ మండుతుంది. పెన్నుంది, పుస్తకముంది, కార్బన్ కాగితముంది, చెయ్యీ ఉంది. అయినా ఒక్క చీటీ రాసివ్వరు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు చెరుకు తూకాలను కాగితాల మీదే నడిపింది. 2015 డిసెంబరులో దానికి తాళం పడింది, అదీ నెట్‌వర్క్ లేక కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పొరపాటుతో ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకున్నప్పుడు, మన శంషాబాద్‌లోనే బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ప్రయాణికులను విమానం ఎక్కించారు. విమానాన్నే చేతిరాతతో ఎగరేయగలిగిన రాష్ట్రంలో, పన్నెండు బస్తాల పసుపుకు రసీదు రాయడానికి చేతులు రావట్లేదు!

సరే, అమెజాన్‌నే ఆదర్శంగా తీసుకుందాం. పూర్తిగా తీసుకుందాం. పడటం ఒక్కటే తీసుకుని మిగతాది వదిలేస్తే ఎలా? అక్టోబరు 20న ఏం జరిగిందో ఆ కంపెనీ వివరంగా రాసి బయటపెట్టింది. తమ డేటాబేస్ చిరునామాను చూసుకునే ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఒకదాని పనిలో ఒకటి వేలు పెట్టడంతో ఆ చిరునామా కాస్తా ఖాళీ అయిందని చెప్పింది. అంటే గంజ్‌లో 5కూ 9కీ వచ్చిన గొడవకు దూరపు చుట్టమే. నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్ పడితే ఆ రోజే కంపెనీ అధినేత తన పేరుతో వివరణ రాశాడు. మొదట ఎవరో దాడి చేశారనుకున్నామనీ, అది కాదనీ, తమ సొంత ఫైలు ఒకటి పరిమాణం రెట్టింపై అన్నిటినీ కూల్చిందనీ, నిమిషాల లెక్కతో సహా రాసి, క్షమాపణ చెప్పాడు. ఇంత పరువున్నవాడు ‘తప్పు మాదే, ఫలానా చోట జరిగింది’ అన్నాడు. మన నాలుగు కంప్యూటర్ల ఆఫీసు మాత్రం అంతకంటే గొప్పది, దానికి తప్పే జరగదు. దానికి ‘డౌన్’ మాత్రమే అవుతుంది, వాన కురిసినట్టు, ఎవరి ప్రమేయమూ లేకుండా.

కాబట్టి ఇకనుంచి నేను ‘సర్వర్ డౌన్’ అన్న మాట వినగానే వెనక్కి తిరిగిపోయేది లేదు. మీరూ పోకండి. మూడు అడగండి. ఏది డౌన్: వైరా, రౌటరా, కంప్యూటరా, పోర్టలా? ఎప్పటి నుంచి? అది లేచేలోగా నా పని చేత్తో రాసుకుంటారా? మొదటిదానికి జవాబు తెలియదంటే, తెలిసినవాడు ఎవరో పేరూ ఫోన్ నంబరూ ఇమ్మనండి. మూడోదానికి కుదరదంటే గొడవ పడకండి, గొంతు పెంచకండి. ‘ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఫలానా పని మీద వచ్చిన మనిషిని మా దగ్గర నెట్‌వర్క్ లేక తిప్పి పంపాము’ అని ఒక తెల్ల కాగితం మీద రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేసి ఇమ్మనండి. రేపు లేటు ఫీజు అడిగినవాడి ముందు, లారీ వెయిటింగ్ అడిగినవాడి ముందు, ట్రాక్టర్ కిరాయి అడిగినవాడి ముందు అది పెట్టొచ్చు. రబ్బరు స్టాంపుకు రౌటర్ అక్కర్లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.