నవ్వే తలకాయ వద్దు

జంతువేషం కట్టాలనుకునే మిత్రులారా, తలకాయకు నవ్వు పెట్టించకండి. ఎలుగుబంటి కానివ్వండి, కుక్క కానివ్వండి, కుందేలు కానివ్వండి, దిగులు మొహమే చేయించుకోండి. పుట్టినరోజు పార్టీకైనా, బారాత్‌కైనా, హైదరాబాద్ ఆబిడ్స్‌లో బట్టల షాపు ఓపెనింగుకైనా అదే మొహంతో వెళ్లండి.

తలకాయకు ఉండేది ఒకటే మొహం. తప్పిపోయిన పిల్లవాడు ఏడుస్తూ మీ ముందు నిలబడితే నవ్వే తలకాయ ఏం చేస్తుంది? పళ్లికిలిస్తూనే ఉంటుంది. దిగులు మొహం అలాంటి చోట మనిషి పక్షాన ఉంటుంది. అదే మొహంతో మీరు డాన్స్ చేస్తే చూసేవాళ్లకి ముచ్చటేస్తుంది, దగ్గరికి తీసుకుంటే వాళ్ల మనసు కరుగుతుంది. జపాన్ నో నాటకంలో చెక్క ముసుగును కాస్త పైకెత్తితే మొహం వెలుగుతుంది, కాస్త దించితే మబ్బు కమ్ముతుంది. చెవుల దాకా సాగిన నవ్వుకి ఆ వీలు లేదు. ఎటు వంచినా అది నవ్వే.

దిగులు మొహం ఎక్కడ దొరుకుతుందంటారా? జూపార్కుకి వెళ్లకండి, కార్టూన్లు చూడకండి. నాంపల్లి స్టేషన్‌కి వెళ్లి బెంచీ మీద కూర్చోండి. ఏళ్ల తరబడి అక్కడ జనం రైలు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. బండి ఆలస్యమని అనౌన్స్‌మెంట్ వినపడగానే కనుబొమ్మల లోపలి కొసలు కొంచెం పైకి లేస్తాయి, ముక్కుకు పైన నుదుటి మధ్యలో చిన్న ముడి పడుతుంది. మీకు కావాల్సింది ఆ రెండు కొసలే. ఫొటోలు తీయకండి, ఎవరికీ నచ్చదు. చూసి గుర్తుపెట్టుకోండి, ఇంటికొచ్చి స్పాంజి మీద మార్కరుతో గీయండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి కొనండి. మూతి పొడవు, చెవి వంపు మాత్రం దాన్నుంచి తీసుకోండి. మొహంలో భావం మనుషుల నుంచే తీసుకోవాలి.

ఆ కొసలు రెండూ ఒకే ఎత్తులో ఉండకూడదు. ఎడమది కొంచెం ఎక్కువ లేవాలి. తయారుచేసేవాళ్లు కొలత తప్పిందనుకుని సరిచేస్తామంటారు, ఒప్పుకోకండి. ఇప్పుడు ఫర్‌సూట్లకు, అంటే ఇలాంటి బొచ్చు జంతువేషాలకు, అయస్కాంతంతో అంటించే కనుబొమ్మలు వచ్చాయి. కోపం కావాలంటే కోపం, సంతోషం కావాలంటే సంతోషం, ఊడదీసి మార్చుకోవచ్చు. డబ్బులు దండగ. పార్టీకో మొహం మార్చే కుక్కని ఏ పిల్లవాడూ తన కుక్క అనుకోడు.

కళ్ల విషయంలో అందరూ ఒకటే అడుగుతారు, ఎక్కడ నిలబడినా మనల్నే చూసే కళ్లు కావాలని. కంటిగుడ్డును బయటికి ఉబ్బించకుండా లోపలికి గుంటగా చేసి, అడుగున నల్లగుడ్డు పెడితే అలా అనిపిస్తుంది. పనితనం గొప్పదే. కానీ మనకు వద్దు. ఎదురుచూసే ప్రాణి మిమ్మల్నే చూస్తూ ఎందుకుంటుంది? నల్లగుడ్లను మీరు బయటికి చూసే కంటి జాలీ మీదే, కొంచెం పక్కకి, దూరంగా ఎవరో వస్తున్నారేమో అన్నట్టు వేయించండి. జనం వెనక్కి తిరిగి చూస్తారు. అదే మీ గెలుపు.

నోరు మూసే ఉండాలి. తెరిచిన నోట్లోంచి గాలి వస్తుంది, దారి కనపడుతుంది, నిజమే. అయినా దిగులుకి తెరిచిన నోరు నప్పదు. గాలి కోసం చెవుల్లో కంతలు పెట్టించండి, గుజరాతీ గల్లీలో చిన్న ఫ్యాన్ కొని లోపల బిగించండి. దారి కోసం చెయ్యి పట్టుకుని నడిపించే మనిషిని వెంట తెచ్చుకోండి. ఎండలో ఎక్కువసేపు తిరగకండి.

రంగులు వేయించే ముందు చేర్యాల ముసుగుల్ని ఒకసారి శ్రద్ధగా చూడండి. రంపపు పొట్టు, చింతగింజల పిండి, కొన్నిటికి కొబ్బరి చిప్ప. ఇంతటి మామూలు సరుకుతో చేసిన మొహంలో ఆ పెద్ద కళ్లు, వాటి చుట్టూ గీసిన నల్ల గీత దూరానికి కూడా ఎంత బలంగా కనిపిస్తాయో! పబ్లిక్ గార్డెన్స్‌లో సురభి నాటకం పడితే టికెట్ కొని, ముందు వరుస ఖాళీగా ఉన్నా, చివరి వరుసలో కూర్చోండి. 1885లో కడప జిల్లా పల్లెలో పుట్టిన ఆ నాటకసమాజానికి చివరి వరుస విలువ తెలుసు. అక్కడికి అందని కనుబొమ్మ మీ తలకాయకీ పనికిరాదు.

అద్దం ముందు పరీక్షించకండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తుంది కదా, ఒక సాయంత్రం తలకాయని చేత్తో పట్టుకుని ఆ రంగురంగుల లైట్ల కింద తిప్పి చూడండి. బొచ్చు రంగు ఎలాగూ మారిపోతుంది. దిగులు మిగిలిందా లేదా, అంతవరకే చూడండి. చూపించాలనుకుంటే ఆటోవాళ్లకి చూపించండి. "ఏమైంది దీనికి?" అని అడిగారంటే తలకాయ కుదిరినట్టే. పిల్లల సలహా మాత్రం అడగకండి, వాళ్లు నవ్వే కావాలంటారు. పార్టీలో మిమ్మల్ని చూడగానే ఒకళ్లిద్దరు ఏడవచ్చు. మీరు కదలకుండా దూరంగా నేల మీద కూర్చోండి. కాసేపటికి వాళ్లలో ఒకరు కేకు ముక్క పట్టుకుని మిమ్మల్ని ఓదార్చడానికి వస్తారు. నవ్వే తలకాయకి ఎవరూ కేకు తినిపించరు.

పుట్టినరోజు నాడు ఈ ఏడుపు మొహం ఏంటని పిల్లవాడి నాన్న అడిగితే అడ్వాన్సు తిరిగిచ్చేయండి. ఆ పార్టీ వదులుకోండి, తలకాయని మార్చకండి.