పచ్చదనం తయారుచేయు విధానము

యూనివర్సిటీలో గ్రీన్ క్లబ్ పెట్టాలనుకుంటున్నారా? సంతోషం. మొదట సంపాదించాల్సింది మొక్క కాదు, ఫ్లెక్సీ. మొక్క ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలో తేలడానికే వారం పడుతుంది. వీసీ గారు మధ్యలో, రిజిస్ట్రార్ గారు కుడిపక్కన, డీన్ గారు ఎడమపక్కన, విద్యార్థి నాయకులు అడుగు వరసలో రూపాయి బిళ్లంత గుండ్రాల్లో. చోటు మిగిలితే భూగోళాన్ని కూడా ఓ మూల సర్దండి. వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది కాబట్టి కాస్త మందంది కొట్టించండి. మందంది ఇంకా ఎక్కువ కాలం నేలమీద ఉంటుందంటారా? ఉండనివ్వండి, ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అన్న అక్షరాలూ అన్నాళ్లూ ఉంటాయి కదా. అదే నిషేధపు జాబితాలో థర్మోకోల్ అలంకరణలు, ప్లాస్టిక్ ప్లేట్లు, స్ట్రాలు ఉన్నాయి గానీ నీళ్ల బాటిల్ లేదు. వేదిక మీద అతిథికొకటి చొప్పున నిశ్చింతగా పెట్టొచ్చు. రెండు గుక్కలు తాగి వదిలేసి వెళ్లడం ఆనవాయితీ.

ముహూర్తం జూన్ 5. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి సభ మొదలైంది ఆ రోజునే. మరుసటేడు నుంచి ప్రపంచమంతా పర్యావరణ దినం జరుపుకుంటోంది. జూన్ మొదటివారంలో స్టాక్‌హోం ఎలా ఉంటుందో, రెంటచింతల ఎలా ఉంటుందో పోల్చి చూసే తీరిక ఆ సభకు లేకపోయింది. కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవం మొదలుపెట్టినప్పుడు, వానలు పడే వేళ అని జూలైని ఎంచుకున్నారు. నాటిన మొక్క బతకాలన్న చాదస్తం ఆయనది. మీకా బెంగ అక్కర్లేదు. జూన్ 5న పిల్లలంతా సెలవులకు సొంతూళ్లలో ఉంటారు కదా అంటే, ఎన్ఎస్ఎస్ వలంటీర్లు ఉన్నారు. రెండేళ్లలో 240 గంటల సేవ పూర్తయితే గానీ వాళ్లకు సర్టిఫికెట్ రాదు. గంటలు లెక్కపెట్టుకునేవాడు ఎండను లెక్కచేయడు.

గుంత ముందురోజే తోటమాలి చేత తవ్వించి ఉంచండి. ముఖ్య అతిథి రాగానే మొక్కను నల్ల పాలిథిన్ కవరుతో సహా దించేయండి. కవరు చింపితే ఎర్రమట్టి రాలి ఆయన తెల్లప్యాంటు మీద పడుతుంది. వేరు ఆ కవరులోనే గుండ్రంగా చుట్టుకుని ఆగిపోతుందనుకోండి, వచ్చే జూన్‌కు అదే గుంత మళ్లీ పనికొస్తుంది. స్టీలు బకెట్‌కు ఎర్ర రిబ్బన్ కట్టడం మరవొద్దు. మగ్గును కనీసం ఆరుగురు పట్టుకోవాలి. ఫొటోలో ఎవరి చెయ్యి కనపడకపోతే ఆ మనిషి మీతో నెల్లాళ్లు మాట్లాడడు. వంగింది కెమెరా వైపా, మొక్క వైపా అంటే కెమెరా వైపే వంగాలి. నీళ్లు ఎక్కడ పడ్డాయన్నది అప్రస్తుతం.

ఏ మొక్క అని అడుగుతారు. వేప, కానుగ, నేరేడు అనొద్దు. వాటి కింద నీడ పడేసరికి మీరు పీహెచ్‌డీ కూడా ముగించి వెళ్లిపోయుంటారు. కోనోకార్పస్ తెప్పించండి. చూస్తుండగానే పచ్చటి గోడలా లేస్తుంది. దాని పుప్పొడితో జలుబూ దగ్గూ ఉబ్బసమూ వస్తాయని, వేళ్లు పైపుల్లోకి దూరతాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఇక నాటొద్దంది. కానీ విద్యాసంస్థల నాణ్యతను తూచే నాక్ బృందం వచ్చేలోగా నిలువెత్తు పెరిగే చెట్టు ఇంకోటి చూపించండి మరి!

అన్నట్టు, ఈ నాక్ సంగతి గట్టిగా పట్టించుకోవాలి. వాళ్ల ఏడో ప్రమాణంలో విలువలు, ఉత్తమ పద్ధతులు అని ఉంటాయి. గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ అన్నీ అక్కడే. జియోట్యాగ్ చేసిన ఫొటోలు అడుగుతారు. మొక్క చచ్చినా దాని అక్షాంశ రేఖాంశాలు చావవు కనుక దిగుల్లేదు. ఇంకుడుగుంత మీద సిమెంటు పలక వేసి పేరు రాయించండి. వాననీరు అందులోకి వచ్చే దారి ఎటని అడిగేవాళ్లను క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ ఇప్పించండి.

చెత్త విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేయాలని, తడిదాన్ని వీలైనంత మేరకు ఆవరణలోనే ఎరువు చేయాలని 2016 నాటి నియమాలే చెప్పాయి. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తే సగం పని అయినట్టే. పొద్దున్నే ట్రాక్టర్ వచ్చి రెండింటినీ ఒకే ట్రాలీలో బోర్లించే వేళకు మీరెలాగూ నిద్రలో ఉంటారు. మెస్ వెనకాల డ్రమ్ముల్లో మిగిలిన అన్నం, సాంబారు పట్టుకెళ్లే పందుల పెంపకందారు ఒకాయన ఉంటాడు. ఎన్నో ఏళ్లుగా, ఏ క్లబ్బూ చెప్పకుండానే, ఒక్క మెతుకు వృథా పోనివ్వకుండా వస్తున్నాడు. ఆయన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ సన్మానించకండి, మీ కంపోస్టు యూనిట్ ప్రారంభోత్సవానికి అడ్డొస్తాడు. పారబోసిన అన్నాన్ని తూకం వేయాలన్న దుర్బుద్ధి కూడా పుట్టకూడదు. వేస్తే ఉప్మా రోజు డ్రమ్ములెన్ని నిండాయో తెలుస్తుంది. తెలిశాక మెస్ సెక్రటరీని అడగాల్సొస్తుంది. మెస్ సెక్రటరీ మీ రూమ్మేట్.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. నాటబోయే మొక్కలతో ఎంత చనువైనా పెంచుకోండి గానీ, ఇప్పటికే నిలబడి ఉన్న చెట్ల జోలికి పోకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు ఏమయ్యారో చూశారుగా. 1974లో ఆ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి దాదాపు 2,300 ఎకరాలు చూపించారు. రాళ్లు, తుప్పలు, చెరువులు. చదువుకోవడానికి వచ్చినవాళ్లు చదువుకుని పోక, పిట్టలను లెక్కపెట్టారు, చుక్కల దుప్పులను చూశారు, నక్షత్ర తాబేలు ఏ పొదలో తిరుగుతుందో గుర్తుపెట్టుకున్నారు. ఇలాంటి అలవాట్లకు ఏ ప్రమాణం కిందా మార్కులు రావు. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు మావేనని ప్రభుత్వం ఏళ్లతరబడి కోర్టుల్లో పోరాడి గెలిచింది. ఐటీ కోసం చదును చేద్దామనుకుంది. కాగితం ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. కానీ పిల్లల దగ్గర ఉన్నది వేరే కాగితం, పిట్టల జాబితా.

2025 మార్చి 30, ఉగాది. యంత్రాలు దిగాయి. షడ్రుచుల పచ్చడి తినాల్సిన పూట పిల్లలు వాటికి అడ్డం పడి పోలీసు వ్యాన్లెక్కారు. మర్నాడు రంజాన్. సెలవుల్లో అంత తొందరేమొచ్చిందని తర్వాత సుప్రీంకోర్టే అడిగింది. ఏప్రిల్ 3న కోర్టు ఆపమనేసరికి వంద ఎకరాల మేర పచ్చదనం పోయింది. దాన్ని మళ్లీ ఎలా తెస్తారో ప్రణాళిక చెప్పమంది కోర్టు. ఈ మొత్తం గొడవలో ఒక్క ఎర్ర రిబ్బన్ లేదు, శాలువా లేదు, మగ్గు లేదు. అట్ట ముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసిన నినాదాలు. అలాంటివాటిని ఏ ఫైల్లో పెడతాం?

కాబట్టి జాగ్రత్త ముందునుంచే ఉండాలి. సభ్యత్వ ఫారంలో పేరు, బ్రాంచి, ఫోన్ నంబరు తర్వాత ఒక ప్రశ్న చేర్చండి: ‘మీ హాస్టల్‌కూ క్లాసుకూ మధ్య ఉన్న చెట్ల పేర్లు రాయుము.’ ఖాళీ వదిలినవాళ్లను వెంటనే చేర్చుకోండి. మూడు నాలుగు రాసినవాళ్లను అధ్యాపకుడి సిఫారసు ఉంటే చూడొచ్చు. అయిదు దాటి రాసి, పక్కన ‘దీని తొర్రలో గుడ్లగూబ ఉంది’ అని కూడా రాసిన అమ్మాయిని సాంస్కృతిక కమిటీకి పంపించేయండి. అక్కడ డాన్సులకు మనుషులు తక్కువగా ఉన్నారు.