వ్యూ ఉన్న ఫ్లాటు

మీతో చెప్పుకుంటే ఫరవాలేదు. ఇలాంటి పని మీరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు. కాకపోతే నేను బ్యాంకులో ఇరవై ఏళ్ల అప్పు పెట్టి మరీ చేశాను.

నల్లగండ్లలో ఇరవై రెండో అంతస్తులో ఫ్లాటు కొన్నాను. అదే టవర్లో కింద ఆరో అంతస్తులో అదే కొలత, అదే తూర్పు ఫేసింగ్ ఉన్న ఫ్లాటు చాలా తక్కువకి దొరికేది. మా ఆవిడ అది చాలంది. నేను వినలేదు. సేల్స్ కుర్రాడు డ్రోన్‌తో తీసిన ఫొటో ఒకటి నా ముందు పెట్టాడు. చెరువు, దాని వెనక సెంట్రల్ యూనివర్సిటీ చెట్లు, చెట్ల మధ్య బండరాళ్లు. అంతే, నాకు ఇంకేం కనపడలేదు. అంతస్తు పెరిగిన కొద్దీ అడుగుకింత అని ఫ్లోర్ రైజ్ కట్టాను. వ్యూ ఉన్నందుకు విడిగా ఇంకొంత కట్టాను. గాలికి, చూపుకి కూడా వాయిదాల మీద డబ్బు కట్టిన మొదటి మనిషి మా వంశంలో నేనే.

చేరిన కొత్తలో రోజూ బాల్కనీలో నిలబడేవాణ్ణి. పైనుంచి చూస్తే ట్రాఫిక్ కూడా అందంగా ఉంటుంది. హారన్లు వినపడవు, పొగ రాదు. అంబులెన్స్ ఎక్కడ ఇరుక్కుందో దాని లైటు తప్ప తెలియదు. లింగంపల్లి స్టేషన్‌లో ఎమ్ఎమ్‌టీఎస్ దిగి పరుగెత్తే జనాన్ని తలచుకుని జాలిపడేవాణ్ణి. 2003లో ఆ రైలు మొదలైన కొత్తలో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఉద్యోగానికి వెళ్లినవాణ్ణి నేనే. నా మనసు అది ఒప్పుకునేది కాదు. ఆ కుర్రాడు వేరు, ఇరవై రెండో అంతస్తులో కాఫీ తాగే ఈ పెద్దమనిషి వేరు.

చుట్టాలతో వీడియో కాల్ చేస్తే నా మొహం చూపించేవాణ్ణి కాదు, చెరువు చూపించేవాణ్ణి. మా బావమరిది చందానగర్‌లో పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాడు. భోజనానికి పిలిచి, బాల్కనీలోకి తీసుకెళ్లి, “ఆ ఇల్లు అమ్మేయరా, కిటికీ తీస్తే పక్కింటి గోడే కదా” అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “పక్కింటివాళ్లు మంచివాళ్లు బావా” అన్నాడు. ఆ జవాబు వాడి అల్పసంతోషం అనుకున్నాను.

1998లో అచ్చయిన ఒక సర్వే కోసం హార్వర్డ్‌లో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి విద్యార్థుల్నీ ఉద్యోగుల్నీ ఒక ప్రశ్న అడిగారు. చుట్టూ ఉన్నవాళ్లు ఇరవై ఐదు వేల డాలర్లు సంపాదిస్తుంటే నీకు యాభై వేలు రావడం ఇష్టమా, లేక అందరూ రెండు లక్షలు సంపాదిస్తుంటే నీకు లక్ష రావడం ఇష్టమా? వస్తువుల ధరలు రెండు చోట్లా ఒకటే. సగం మంది దాకా యాభై వేలే కోరుకున్నారు. చేతికి సగమే వచ్చినా సరే, పక్కవాడి కంటే పైన ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. హార్వర్డ్‌లో కూడా మనవాళ్లు ఉన్నారు.

ఇలా ఉండగా మా ముందున్న ఖాళీ స్థలంలో టవర్ క్రేన్ లేచింది.

2006 నుంచి హైదరాబాద్‌లో స్థలానికి ఇన్ని చదరపు అడుగులే కట్టాలన్న ఎఫ్ఎస్ఐ పరిమితి లేకుండా పోయింది. ఎదుట రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి ఎత్తు. నాకు ఇరవై రెండో అంతస్తు దక్కింది ఆ వెసులుబాటు వల్లే. అదే వెసులుబాటు ఎదుటివాడికీ ఉంటుందన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు. నెలలు గడిచే కొద్దీ ముందు చెరువు సగమైంది, తర్వాత చెట్లు పోయాయి, ఆఖరికి బండరాళ్లు పోయాయి. మిగిలింది సిమెంటు గోడ, దాని మీద నా బాల్కనీ వైపే తిరిగిన పడగ్గది కిటికీ.

లాయరు మిత్రుణ్ణి అడిగాను. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో, ఒక కట్టడానికి ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా వచ్చిన వెలుతురుకీ గాలికీ రక్షణ ఉందిట. కంటికి ఇంపైన దృశ్యానికి లేదుట. “నీకు వెలుతురు వస్తోందిగా, ఇంకేం కావాలి?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రే కూర్చుని “మా ఆకాశం మాకు కావాలి” అన్న శీర్షికతో అర్జీ రాశాను, మా టవర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, బొటనవేళ్లు బాగానే పడ్డాయి గాని సంతకాలు పడలేదు, పట్టుదల పెరిగింది, వెనకవైపు పాత కాలనీ వాళ్లయితే పెద్దమనుషులు, కాదనరు అనిపించింది, ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, వాళ్ల దుఃఖం కూడా నేనే మోస్తున్నంత గంభీరంగా వెళ్లి, మొదటి గేటు కొట్టాను.

బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైరైన పెద్దాయన తలుపు తీశాడు. “కూసో బిడ్డా, చాయ్ తాగు” అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని అర్జీ మొత్తం చదివాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, ఎంత బాగా రాశావంటాడేమో అని.

“మస్తుగ రాసినవ్. గిది మేము రాయాల్సిన కాయితం” అన్నాడు.

వంటింట్లోకి తీసుకెళ్లాడు. పొద్దున తొమ్మిది దాటినా ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. “మీ టవర్ లేవకముందు పొద్దు పొడవంగనే పొయ్యికాడికి ఎండ వస్తుండె. ఇప్పుడు పది దాటేదాక లైటు ఎయ్యాల్సిందే. డాబా మీద వడియాలు పెట్టుడు మా ఇంటామె బంద్ జేసింది.” ఆ ఇంట్లో ఆయన ఉండబట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. 1998 నవంబరులో వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికే ఆ కిటికీ అక్కడ ఉంది, ఎండ ఉంది. మా లాయరు చెప్పిన ఆ ఇరవై ఏళ్ల వెలుతురు ఎవరిదో నాకు అక్కడ అర్థమైంది.

డాబా ఎక్కాం. మా టవర్ తలెత్తి చూడాల్సినంత ఎత్తున ఉంది. కొనేటప్పుడు మిగతా వైపుల నుంచి చూశాను గాని, ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. “మీ ఇల్లేది?” అన్నాడు పెద్దాయన. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పోడియం అంతస్తులు కలపాలా వద్దా తేలక లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మా వరస ఏదో తెలియలేదు. అన్ని కిటికీలూ ఒకటే రంగు, అన్ని వాష్ ఏరియాల్లోనూ ఆరేసిన బట్టలు. అంత డబ్బు పోసి కొన్న ఇంటిని నేనే పోల్చుకోలేక ఏదో ఒకటి చూపించాను. ఆయన తలూపాడు.

ఆయన నన్ను చిన్నబుచ్చలేదు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది. “మేం ఇండ్లు కట్టినప్పుడు ఈడ ద్రాక్ష తోట ఉండె. ఆ తోటాయన కూడ గిట్లనే గులిగిండు” అన్నాడు. ఆ తోట కంటే ముందు బండలే ఉండి ఉంటాయి. ఈ చుట్టుపక్కల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లంటారు. ఆ బండల్ని పేల్చి తవ్విన సెల్లార్లలోనే మా కార్లు పెట్టుకుంటున్నాం.

దిగి వచ్చాక నా అర్జీ మీద నిజంగానే సంతకం పెట్టాడు. పెట్టి, బీరువాలోంచి ఇంకో కాయితం తీశాడు. మా సెల్లార్లు తవ్వినప్పటి నుంచి కాలనీ బోర్లలో నీళ్లు తగ్గిపోయాయని, ఎండాకాలం ట్యాంకర్లు కొనలేక చస్తున్నామని, టవర్ వాళ్లు ఇంకుడు గుంతలు సరిగా తవ్వించాలని వాళ్లు రాసిన అర్జీ అది. పాతబడి మడతల దగ్గర చిరుగుతోంది. కాలనీ వాళ్ల సంతకాలన్నీ ఉన్నాయి. మా టవర్ వాళ్లది ఒక్కటీ లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ లోపలికి పంపలేదుట. రూలు అదే. కిందటేడు అసోసియేషన్ మీటింగులో ఆ రూలు పెట్టించింది నేనే.

సంతకం పెట్టాను. మా అర్జీ పక్కన పెట్టేసి ఆ కాయితం నకళ్లు తీయించి, ఇప్పుడు మా టవర్లో అంతస్తు అంతస్తూ తిరుగుతున్నాను. మొన్న పద్దెనిమిదో అంతస్తులో ఒకాయన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, పక్క కాలనీ గొడవ మనకెందుకు సార్ అన్నాడు. ఆయన బాల్కనీ పడమర వైపుంది, పెద్దాయన డాబా అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. ఒక్కసారి లోపలికి రానిస్తారా అని అడిగాను.