ఎక్స్‌గ్రేషియా శాస్త్ర ప్రవేశిక

విపత్తు నిర్వహణను నివారణ, సంసిద్ధత, స్పందన, పునర్నిర్మాణం అని నాలుగు దశలుగా విభజించడం పాఠ్యగ్రంథాల ఆనవాయితీ. ఆచరణలో ఈ శాస్త్రం మొదటి రెండు దశలను అధ్యాయ శీర్షికలుగా మాత్రమే మిగుల్చుకొని, మూడో దశలో ఏరియల్ సర్వేను, నాలుగో దశలో ఎక్స్‌గ్రేషియాను పరిపూర్ణ కళలుగా తీర్చిదిద్దింది. ఏరియల్ సర్వే అంటే నడవడానికి వీల్లేనంత నీరు నిలిచిన ప్రాంతాన్ని, ఆ నీటి తుంపర కూడా తగలనంత ఎత్తు నుంచి పరిశీలించడం. ఎక్స్‌గ్రేషియా అంటే చట్టరీత్యా బాధ్యతను ఒప్పుకోకుండానే దయతలచి ఇచ్చే సొమ్ము. విపత్తు సంభవించిన తరువాత గాని ఈ రెండింటిలో దేనికీ ముహూర్తం కుదరదు. కనుక విపత్తును ముందే నివారించిన అధికారి, తెలిసో తెలియకో, తన పైవారికి దక్కవలసిన రెండు ప్రధాన కార్యక్రమాలను చెడగొట్టినవాడవుతాడు.

ఈ శాస్త్రం సచివాలయంలో పుట్టిందనుకోవడం దాని ప్రాచీనతకు అన్యాయం చేయడమే అవుతుంది. దాని మూలాలు వంటింట్లో ఉన్నాయి. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు గనుక, లీకైనప్పుడు ముక్కు పసిగట్టడానికి వీలుగా అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే దుర్వాసన గల రసాయనాన్ని కలుపుతారు. బండ పైభాగంలోని ఇనుప పట్టీ మీద ఏ, బి, సి, డి అనే అక్షరాల్లో ఒకటి, దాని పక్కన రెండంకెలు ఉంటాయి. సంవత్సరాన్ని నాలుగు త్రైమాసికాలుగా విడగొట్టి, ఆ బండను మళ్లీ పరీక్షించవలసిన గడువును అవి సూచిస్తాయి, అంటే సి-29 అని ఉంటే 2029 సెప్టెంబరుతో గడువు ముగుస్తుందన్నమాట. బండ మోసుకొచ్చిన కుర్రవాడికి పైన ఎంత ఇవ్వాలన్న విషయంలో జరిగే చర్చలో పదో వంతైనా ఈ అక్షరం గురించి జరిగిన ఇల్లు అరుదు. లీకేజీ ఫిర్యాదుల కోసం 1906 అనే నంబరు దేశమంతటా పనిచేస్తున్నా, దాన్ని గోడ మీద రాసిపెట్టుకోవడం అశుభమనీ, వాసన వచ్చాక ఫోన్లో వెతుక్కోవడమే మర్యాద అనీ గృహస్థుల ఏకాభిప్రాయం.

వంటింటి నుంచి అపార్టుమెంటు వరండాకు వస్తే ఈ శాస్త్రం మరింత స్పష్టమవుతుంది. ద్వారబంధానికి వేలాడే బూడిద గుమ్మడికాయ కుళ్లితే ఆ అమావాస్య దాటకుండా కొత్తది వస్తుంది, దాని ఖర్చును ఎవరూ ప్రశ్నించరు. దానికి నాలుగడుగుల దూరంలో గోడకు తగిలించిన ఎర్రటి అగ్నిమాపక సిలిండరు మాత్రం, రీఫిల్లింగ్ తేదీ దాటిపోయినా, అసోసియేషన్ సమావేశాల్లో వచ్చే నెలకు వాయిదా పడుతూ ఉంటుంది. దాని మీది గడియారంలాంటి చిన్న మీటరులో ముల్లు పచ్చరంగులో ఉంటేనే లోపల ఒత్తిడి సరిపడా ఉన్నట్టు, ఎరుపులోకి జారితే అది అలంకార వస్తువే అయినట్టు. అగ్నిప్రమాదంలో లిఫ్టు వాడకూడదు, మెట్ల మీదుగానే దిగాలన్న నియమం అందరికీ తెలుసు. ఆ మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పిల్లలు పెద్దవాళ్లై వదిలేసిన సైకిళ్లు, ఎవరూ తమదని ఒప్పుకోని ఒక సోఫా ఉంటాయన్నదీ అందరికీ తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ ఒకదానికొకటి ఎదురుపడకుండా ఒకే బుర్రలో కాపురముండగలగడం మానవజాతి సాధించిన గొప్ప మానసిక విన్యాసం.

గృహస్థు ఇలా ఉన్నప్పుడు ప్రభుత్వం వేరేలా ఉండాలని కోరడం ప్రజాస్వామ్య సూత్రాలకే విరుద్ధం. 2005లో పార్లమెంటు చేసిన విపత్తు నిర్వహణ చట్టం రెండు రకాల నిధులను ప్రస్తావించింది: విపత్తు వచ్చాక ఖర్చు పెట్టే స్పందన నిధి ఒకటి, రాకముందే నష్టాన్ని తగ్గించే పనులకు ఉపశమన నిధి మరొకటి. స్పందన నిధి కొద్ది ఏళ్లలోనే ఏర్పడగా, జాతీయ ఉపశమన నిధి ఏర్పాటైనది 2021లో. ముందుజాగ్రత్తకు సంబంధించిన నిధి పదిహేనేళ్లకు పైగా ఆలస్యం కావడాన్ని విమర్శకులు తప్పుపట్టవచ్చు గాని, ఆ ఆలస్యంలో ఒక ఓట్ల లెక్క ఉంది. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు అమెరికా ఎన్నికల ఫలితాలను, విపత్తుల ఖర్చులను పక్కపక్కన పెట్టి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. సహాయ చర్యలకు డబ్బిచ్చిన పాలకులకు ఓటర్లు ప్రతిఫలమిస్తారనీ, సంసిద్ధతకు డబ్బిచ్చినవారిని పట్టించుకోరనీ, సంసిద్ధత మీద పెట్టిన ఒక డాలరు భవిష్యత్తులో సుమారు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందనీ వారు లెక్కగట్టారు. అంటే ఒక రూపాయితో పదిహేను రూపాయలు మిగిల్చిన నాయకుడు ఓడిపోయి, పదిహేను రూపాయలు పోయాక ఒక రూపాయి పంచిన నాయకుడు గెలిచే ఏర్పాటు అగ్రరాజ్యంలోనూ ఉంది. ఈ విషయంలో తెలుగు నాయకులు ఎవరినీ చూసి నేర్చుకోలేదు, స్వయంకృషి.

అయితే ఈ శాస్త్రానికి కొన్ని మినహాయింపులు లేకపోలేదు, వాటిని దాచడం నిజాయితీ అనిపించుకోదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది చనిపోయారు. ఉప్పెన అంటే తుఫాను గాలి సముద్రాన్ని గోడలా నెట్టుకొచ్చి నేల మీద పడేయడం, తీరప్రాంతాల్లో గాలి కంటే ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే. 1999 అక్టోబరులో ఒడిశాను తాకిన సూపర్ సైక్లోన్‌లోనూ దాదాపు అంతమందీ పోయారు. ఆ దెబ్బతో ఒడిశా విపత్తు నిర్వహణకే ఒక సంస్థను పెట్టి, తీరం పొడవునా షెల్టర్లు కట్టి, ఊరూరా వాలంటీర్లకు శిక్షణ ఇచ్చింది. 2013లో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటేనాటికి సుమారు 10 లక్షల మందిని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య 50 లోపే ఆగిపోయింది. మరుసటి ఏడు విశాఖను హుద్‌హుద్ చిత్తుచేసినప్పుడు కూడా నష్టం ఆస్తికి జరిగినంతగా ప్రాణాలకు జరగలేదు. ఇంతటి విజయానికి తీరం వెంబడి ఒక్క శిలాఫలకమైనా లేకపోవడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు: బతికిపోయిన మనిషి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. పైగా తరలించినవారిలో కొందరు, తుఫాను దారి మళ్లిన సందర్భాల్లో, పులిహోర పొట్లాల నాణ్యత మీద ఫిర్యాదు చేసి, అనవసరంగా ఇల్లు కదిలించారని అధికారులను తిట్టి వెళ్తారు. మూడుసార్లు అలా తిట్లు తిన్న తహసీల్దారు నాలుగోసారి కూడా అంతే ఉత్సాహంతో మైకు పట్టుకుంటే, అతడికి ఇవ్వవలసిన పురస్కారాన్ని ఇంకా ఎవరూ రూపొందించలేదు.

హెచ్చరిక పద్ధతుల్లో మాత్రం పూర్వులు ఎంత దూరదృష్టి చూపారో ఓడరేవులకు వెళ్తే తెలుస్తుంది. తుఫాను తీవ్రతను, దిశను బట్టి రేవుల్లో ఒకటి నుంచి పదకొండు వరకు ప్రమాద సూచికలు ఎగరేస్తారు. పదో నంబరు వరకు గాలికీ సముద్రానికీ సంబంధించినవి. పదకొండో నంబరుకు అర్థం వేరు: హెచ్చరిక పంపవలసిన కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం మాత్రం బాగోలేదు, ఇక ఎవరి తెలివి వారిదే. ప్రపంచ పరిపాలనా సాహిత్యంలో ఇంత నిజాయితీ గల అధికారిక సందేశం మరొకటి దొరకడం కష్టం. దీన్ని రేవులకే పరిమితం చేయకుండా అన్ని ప్రభుత్వ కార్యాలయాల మీదా ఎగరేసే అవకాశాన్ని పరిశీలించవలసి ఉంది. హుద్‌హుద్‌ను చూసిన విశాఖలోనే 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద పాలిమర్ల కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రలో ఉన్న ఊరిని కమ్మేసింది, 12 మంది మరణించారు. సైరన్ మోగించే ఏర్పాటు ఆ ఆవరణలో 36 చోట్ల ఉన్నా ఒక్కచోటా మోగలేదని ప్రభుత్వమే వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. మీటలకు కొదవ లేదు. నొక్కమని చెప్పే పదకొండో నంబరు జెండాయే అక్కడ లేకపోయింది.

నివారణకు దాపురించిన అసలు శత్రువు నిర్లక్ష్యం కంటే దాని సొంత విజయమేనన్న వాదానికి హైదరాబాదు ఉత్తమ ఉదాహరణ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని బలిగొన్నాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగి, 1920 నాటికి ఉస్మాన్‌సాగర్‌ను, 1927 నాటికి హిమాయత్‌సాగర్‌ను కట్టింది. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులు తమ పని ఎంత చక్కగా చేశాయంటే, రెండు మూడు తరాలకు నగరం వరద అన్నదే మరిచిపోయింది. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో తెచ్చిన 111 జీవోలోని ఆంక్షలను 2022లో మరో జీవో తొలగించడం ఆ మరుపుకు అధికారిక ముద్ర. చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు, అంటే పూర్తిస్థాయి నీటిమట్టం. ఆ హద్దు లోపల లేఅవుటు వేసిన స్థలాన్ని రిజిస్ట్రేషన్ శాఖ గుర్తించింది, విద్యుత్తు సంస్థ మీటరు బిగించింది, నగరపాలక సంస్థ ఇంటిపన్ను వసూలు చేసుకుంది, బ్యాంకు అప్పిచ్చింది. ఆ ఇంటిని గుర్తించడానికి నిరాకరించిన ఏకైక శాఖ నీరు, అది 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లోకి, 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్ల మీదుగా విజయవాడ సింగ్‌నగర్‌లోకి ఎలాంటి ముందస్తు నోటీసూ ఇవ్వకుండా తనిఖీకి వచ్చింది.

ఇదే సూత్రం సాఫ్ట్‌వేరులోనూ రుజువైంది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత కంప్యూటర్లు 2000ను 1900గా పొరబడతాయన్న భయం వైటూకే పేరుతో ప్రసిద్ధం. దాన్ని సరిదిద్దడానికి కోబాల్ నేర్చిన తెలుగు కుర్రాళ్లు వేలాదిగా అమెరికా విమానమెక్కారు, కోట్ల వరుసల పాత ప్రోగ్రాములను దులిపారు, 2000 జనవరి 1న చెప్పుకోదగ్గ అనర్థమేదీ జరగలేదు. జరగకపోవడంతో అదంతా బూటకమని ప్రపంచం తేల్చేసింది. ఒక్క విమానమైనా కూలి ఉంటే ఆ కుర్రాళ్లకు పద్మ పురస్కారాలు వచ్చేవేమో; ప్రస్తుతానికి వారికి డల్లాస్‌లో ఇళ్లు మాత్రమే వచ్చాయి.

ఇంటి నుంచి ఊరికి, ఊరి నుంచి రాష్ట్రానికి చక్కగా పనిచేసిన ఎక్స్‌గ్రేషియా శాస్త్రం భూగోళం మొత్తానికి వర్తింపజేయబోయేసరికి చిక్కులో పడుతుంది. మహమ్మారులు, అణుయుద్ధం, గ్రహశకలాలు, అదుపు తప్పిన యంత్రమేధ వంటి, మానవజాతి మనుగడనే ముగించగల ముప్పులను అస్తిత్వ ప్రమాదాలని పండితులు వ్యవహరిస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ తాత్త్వికుడు టోబీ ఆర్డ్ 2020లో ప్రచురించిన గ్రంథంలో, రాబోయే వందేళ్లలో అలాంటిది సంభవించే అవకాశాన్ని ఆరింట ఒకటిగా అంచనా వేశాడు. జీవాయుధాలను నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని చూసుకునే సిబ్బంది నలుగురేననీ, వారి బడ్జెట్ సగటు మెక్‌డొనాల్డ్స్ దుకాణం బడ్జెట్ కంటే తక్కువనీ కూడా రాశాడు. దీన్ని అపచారంగా భావించనక్కర్లేదు, దుకాణం రోజూ ఏదో ఒకటి వడ్డిస్తుంది, ఆ నలుగురూ ఏమీ జరగకుండా చూడటం తప్ప మరేమీ వడ్డించలేరు. ర్యాంకుల విషయానికొస్తే, 2019 అక్టోబరులో వెలువడిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో 195 దేశాల్లో అమెరికా మొదటి స్థానంలోను, బ్రిటన్ రెండో స్థానంలోను నిలిచాయి. కొద్ది నెలల్లో కోవిడ్ వచ్చింది, మొదటి ర్యాంకు దేశంలో 10 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. ర్యాంకులకూ పరీక్షకూ మధ్య ఇలాంటి అనుబంధం తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కళాశాలలకు కొత్తేమీ కాదు.

అస్తిత్వ ప్రమాదంతో వచ్చిన శాస్త్రీయమైన ఇబ్బంది మరొకటి ఉంది: దాని తరువాత ‘తరువాత’ ఉండదు. సర్వే చేయడానికి హెలికాప్టరు మిగిలినా ఎక్కేవారుండరు, చెక్కు రాసినా అందుకునేవారుండరు, అందుకున్న ఫొటో వేయడానికి జిల్లా ఎడిషన్ ఉండదు. ఎక్స్‌గ్రేషియాకు అర్హత లేని ఏకైక విపత్తు కావడం వల్లనే అది ఏ మేనిఫెస్టోలోకీ ఎక్కలేకపోయింది. ఇక ఆకాశం నుంచి వచ్చేవాటి విషయంలో ప్రజా సంసిద్ధత ఏ స్థాయిలో ఉందో 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరంలో తేలింది. గ్రహశకలం గాలిలోనే పేలి మిరుమిట్లు గొలిపే వెలుగు కనిపించగానే జనం వింత చూడటానికి కిటికీల దగ్గరికి పరుగెత్తారు. వెలుగు కంటే నెమ్మదిగా ప్రయాణించే పేలుడు తరంగం కొంత ఆగి వచ్చి ఆ అద్దాలను వారి ముఖాల మీదే పగలగొట్టడంతో సుమారు 1,500 మంది గాయపడ్డారు. తుఫాను తీరం దాటే వేళ సెల్ఫీల కోసం ఆర్కే బీచికి పోయే యువతకు రష్యాలో బంధువులున్నారన్నమాట. శాస్త్రవేత్తలు మాత్రం ఊరుకోక, 2022 సెప్టెంబరు 26న డార్ట్ అనే వ్యోమనౌకను డైమోర్ఫోస్ అనే చిన్న శకలానికి గుద్దించి, దాని పరిభ్రమణ కాలాన్ని సుమారు 32 నిమిషాలు తగ్గించి, ముందే తెలిస్తే ముప్పును పక్కకు నెట్టవచ్చని నిరూపించారు.

2029 ఏప్రిల్ 13, శుక్రవారం, అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి, కొన్ని ఉపగ్రహాల కంటే కూడా దగ్గరగా దూసుకుపోతుంది. అది ఢీకొట్టదని శాస్త్రవేత్తలు ఖాయం చేశారు గనుక దిగులు పడవలసినది లేదు. అయితే గడువు ప్రకారం లోక్‌సభకూ ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ ఎన్నికలు రావలసిన కాలం అదే. ఎన్నికల నియమావళి అమల్లో ఉండగా కొత్త పథకాలు ప్రకటించడానికి గాని, శంకుస్థాపనలు చేయడానికి గాని వీల్లేదు కాబట్టి, సంసిద్ధత విషయంలో ఏ ప్రభుత్వమూ చేయగలిగిందేమీ ఉండదు; బాధితులకు సహాయం పంచడానికి మాత్రం, ఎన్నికల సంఘం అనుమతి ఉంటే, అభ్యంతరం లేదు.