షిఫ్టు పట్టుకుని రెండు నొక్కప్పా

నేను కీబోర్డును. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కిటికీ పక్క బల్ల నాది. జిన్నింగు మిల్లుల ఊరు కదా, పత్తి సీజనులో నా మీటల సందుల్లో దూది నూగు చేరుతుంది. అటెండరు బోర్లించి దులిపితే రాలుతుంది, వారానికి మళ్లీ చేరుతుంది.

ఈ కాలం పిల్లలకు కంప్యూటర్ నేర్పక్కర్లేదని పెద్దలు తరచూ అంటుంటారు. కోసిగి, కౌతాళం వైపు నుంచి వచ్చి మొదటిసారి నా ముందు కూర్చున్న పిల్లల్ని చూస్తే ఆ మాట అనరు. ఫోనులో వీడియో ఎడిటింగు చిటికెలో చేస్తారు. మెయిల్ ఐడీలో @ కొట్టమంటే మాత్రం వేలు గాల్లో ఆగిపోతుంది. అది 2 మీటమీదే కనబడుతుంది, నొక్కితే 2 పడుతుంది. "షిఫ్టు పట్టుకుని రెండు నొక్కప్పా" అని వెనక నుంచి సీనియర్ చెప్పాలి. రెండు మీటలు కలిపి నొక్కడం ఫోను ఎవరికీ నేర్పలేదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక మగ్గాల ఇంటి పిల్లాడికి మాత్రం వెంటనే పట్టుబడింది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. చేతులూ కాళ్లూ కలిపి ఆడించే పని చూస్తూ పెరిగినవాడికి షిఫ్టు ఒక లెక్కా!

పాస్‌వర్డు కొడితే తెరమీద చుక్కలే కనబడతాయి. నాకు మాత్రం అన్నీ తెలుసు. సగం మందివి ఉరుకుంద ఈరన్న పేరు, పక్కన 123. ఎవరికీ చెప్పను. క్యాప్స్ లాక్ వెలుగుతోందని చెప్పాలనిపిస్తుంది గానీ నాకు నోరేది?

2020 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. ఇంటర్ అయిన పిల్లాడు నెట్ సెంటరుకు పోతాడు. అక్కడి అన్న తనే మెయిల్ తెరిచి, పాస్‌వర్డు పెట్టి, వెబ్ ఆప్షన్లు కొట్టేస్తాడు. కాలేజీకొచ్చాక "నీ మెయిల్ ఏది?" అంటే పిల్లాడు దిక్కులు చూస్తాడు. ఆధార్‌లో ఈరన్న, పదో తరగతి సర్టిఫికెట్లో వీరన్న అయితే ఆ కథ ఇంకా పొడుగు.

అన్నిటికంటే కష్టం జనవరిలో. క్రెడిట్లు దాచే ఏబీసీ ఐడీ డిజిలాకర్లో తెరవాలి, ఓటీపీ ఆధార్‌కు కట్టిన నంబరుకు పోతుంది. ఆ ఫోను నాయన జేబులో, నాయన కూలికి పోయి గుంటూరు సుగ్గిలో, మిరప చేన్లో. "నాయనా, ఫోనుకు నంబరొచ్చింటాది, చూడు" అని ఒక అమ్మాయి అరుస్తుంది. ఆయన పక్కవాళ్లతో చదివించి చెప్పేలోగా గడువు తీరుతుంది. "మళ్లీ పంపు" మీద నొక్కుతుంది. మూడోది వచ్చాక ఆయన మొదటి నంబరు చదువుతాడు.

ఆ అమ్మాయి ఇంట్లో మాట కన్నడం. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోదే కదా, ఇక్కడ అలాంటి ఇళ్లు చాలానే. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో నా ఎడమవైపు అచ్చులు, గుణింతాలు, కుడివైపు హల్లులు. K నొక్కితే క. ఒకరోజు భాష కన్నడానికి మార్చి అదే మీట నొక్కింది, కన్నడ క పడింది. నా మీద అంతసేపు నవ్వుతూ కొట్టినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆమె మూడో ఏడాది. కొత్త పిల్లల చేత పాస్‌వర్డు నోటు పుస్తకం చివరి పేజీలో రాయిస్తుంది. ల్యాబు సారుకు అది గిట్టదు.

"అట్లా రాయకూడదమ్మా, ఎవరైనా చూస్తారు."

"మరిచిపోతే మళ్లీ ఓటీపీ గుంటూరుకే పోతాది కద సార్."

సారు మాట పుస్తకం ప్రకారం సరైనదే. నా ఓటు మాత్రం అక్కకే.