రాయల్టీ డబ్బు అమెరికాలోనే వదిలేయడం ఎలా?

లేగోస్‌లోనో, నైరోబీలోనో, జొహానెస్‌బర్గ్‌లోనో పడగ్గదినే స్టూడియో చేసుకుని పాటలు కడుతున్న స్వతంత్ర కళాకారులారా! మీ పాట అట్లాంటాలో ఎవరి కారులోనో మోగింది. నాలుగు డాలర్లు రాలడం మొదలైంది. ఇంతలో ‘మీ పన్ను వివరాలు ఇవ్వండి’ అంటూ ఒక మెయిలొచ్చింది. దాన్ని తెరవకండి. కళాకారుడికీ కాగితాలకూ ఏం సంబంధం? మీరు పాట కట్టండి, పన్ను సంగతి పన్నే చూసుకుంటుంది.

నిజంగానే చూసుకుంటుంది. యూట్యూబ్‌నే తీసుకోండి. ఈ నెల మీకు 2,000 డాలర్లు వచ్చాయనీ, అందులో అమెరికా ప్రేక్షకుల వాటా 300 అనీ అనుకుందాం. నైజీరియాలో ఉంటూ ఫారం నింపి ఇచ్చారో, ఆ 300 మీద 30 శాతం, అంటే 90 డాలర్లు పోతాయి. అసలు ఏమీ ఇవ్వకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఆదాయంలోంచే 24 శాతం దాకా పట్టుకోవచ్చు. అంటే 480. చూశారా, 30 కన్నా 24 తక్కువే కదా! లెక్కలు రానివాళ్లకు ఇంతకంటే హాయి ఏముంది? మీ పాట అక్రాలో విన్నవాళ్ల డబ్బులోనూ అమెరికా ఖజానాకు వాటా ఇచ్చిన ఉదారులవుతారు.

ఎవరో పోరు పెడితే ఫారం తెరవక తప్పలేదనుకోండి. అప్పుడు డబ్ల్యూ-8బెన్ అనే ఒక పేజీ కాగితాన్ని వదిలేసి డబ్ల్యూ-9 ఎంచుకోండి. ఎనిమిది కన్నా తొమ్మిది పెద్దది, పైగా ఎవరూ 30 శాతం కోయరు. అది అమెరికా పౌరులకూ అక్కడి నివాసులకూ పెట్టిన ఫారమే. మీరు అమెరికన్ అని అబద్ధపు సాక్ష్యం చెప్పి సంతకం పెట్టినట్టే. అయితే ఏం, వీసా ఇంటర్వ్యూలో ఎప్పుడూ దొరకని హోదా ఇక్కడ ఒక్క క్లిక్కుతో వచ్చేసింది.

డబ్ల్యూ-8బెన్ మాత్రమే నింపుతానని మంకుపట్టు పడితే మొదటి గడిలో స్టేజి పేరు రాయండి. పాస్‌పోర్టులో ఉన్న పేరు మీ అమ్మకు తప్ప ఎవరికి తెలుసు? పుట్టిన తేదీ మీ అలవాటు ప్రకారమే వేయండి. ఏప్రిల్ 12న పుట్టారా, 12-04 అని రాయండి. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు కనుక మీరు డిసెంబరు 4న పుట్టారనుకుంటారు. పుట్టినరోజు రెండుసార్లు చేసుకోవచ్చు.

చిరునామా దగ్గర నైరోబీ వాళ్లకు ఒక ప్రత్యేక సలహా. కెన్యాలో ఉత్తరాలు ఇంటి గుమ్మానికి కాదు, పోస్టాఫీసు పెట్టెకు వస్తాయి. బ్యాంకులోనూ బడిలోనూ అదే పెట్టె నంబరు రాసి పెరిగిన చెయ్యి కదా, ఇక్కడా అదే రాయండి. శాశ్వత నివాసం గడిలో పోస్టు బాక్సు రాయకూడదని ఫారం మీదే అచ్చు వేసి ఉంటుంది. చిన్న అక్షరాలు చదవడం గుమాస్తాల పని. ఎస్టేటు పేరు, రోడ్డు పేరు, ఇంటి నంబరు అక్కడ రాసి, పెట్టె నంబరును కింద ఉత్తరాల చిరునామా గడిలో వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే, అలాంటివాళ్లతో మాట్లాడకండి.

ఇప్పుడు అసలు గడి, ఒప్పందం. ఆఫ్రికాలో 54 దేశాలుంటే అమెరికాతో ఆదాయపు పన్ను ఒప్పందం ఉన్నవి నాలుగే: ఈజిప్టు, మొరాకో, ట్యునీషియా, దక్షిణాఫ్రికా. పాటల రాయల్టీ మీద దక్షిణాఫ్రికా నివాసికి సున్నా శాతం, మొరాకో నివాసికి 10. నైజీరియా, ఘనా, కెన్యా వాళ్లకు పూర్తి 30. నైజీరియా గాయకుడు బర్నా బాయ్‌కి 2021లో గ్రామీ వచ్చింది, దక్షిణాఫ్రికా గాయని టైలాకి 2024లో వచ్చింది. గ్రామీ ఇద్దరి దేశాలకూ దక్కింది, ఒప్పందం మాత్రం ఒకదానికే ఉంది. ఇది న్యాయమా అంటే కాదు. ఫారం ఎంత అందంగా నింపినా ఈ గీత చెరగదు. కనుక లేగోస్‌లో కూర్చుని ‘దక్షిణాఫ్రికా నివాసిని’ అని రాసేయండి. కేప్‌టౌన్‌కి ఒకసారి షోకి వెళ్లారు కదా.

నిజంగా దక్షిణాఫ్రికాలో ఉంటున్నవాళ్లు మాత్రం తమ దేశపు పన్ను నంబరు గడి ఖాళీగా ఉంచండి. ఆ నంబరు లేకపోతే ఒప్పందం వర్తించదని 30 శాతం కోస్తారు. కోయనివ్వండి, సున్నా కట్టడం నామోషీ. మన హైదరాబాద్ యూట్యూబర్లు ఇదే ఫారంలో ఇదే గడిలో పాన్ నంబరు వేసి 15 శాతంతో బయటపడుతున్నారు. వాళ్లకు ఆత్మగౌరవం లేదు.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే హ్యూస్టన్‌లో పెదనాన్న కొడుకు ఉండనే ఉన్నాడు. ఖాతా ఆయన పేరున, ఆయన సోషల్ సెక్యూరిటీ నంబరు మీద తెరిపించండి. ఏడాది చివర ఆదాయం లెక్క ఆయన పేరునే వెళుతుంది, పన్ను ఆయన నెత్తి మీద పడుతుంది. క్రిస్మస్‌కి ఊరొచ్చి ‘తమ్ముడూ, పన్ను పోగా, ఖర్చులు పోగా, నువ్వే నాకు ఇంకో రెండొందలు బాకీ’ అంటాడు. పాటల హక్కులు కూడా ఆయనవే అనడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది, అంతవరకూ నిశ్చింత.

ఫారానికి కాలం చెల్లుతుందన్న సంగతి మరిచిపోండి. 2024లో సంతకం పెట్టింది 2027 డిసెంబరు 31 దాకానే చెల్లుతుంది. ఆ తర్వాత కొత్తది ఇవ్వాలి. ఒప్పందం వాడుకుంటూ దేశం మారినా కూడా అంతే. ఇవ్వకండి. ఏటా మార్చిలో వచ్చే 1042-ఎస్ అనే కాగితాన్ని కూడా చించి పారేయండి. అమెరికాలో మీ దగ్గర ఎంత పట్టుకున్నారో దాని మీద ఉంటుంది. రేపు మీ దేశపు పన్ను ఆఫీసులో ‘అక్కడ కట్టాను’ అనడానికి అదే ముఖ్యమైన రుజువు. రుజువులు చూపించేవాళ్లను ఎవరూ నమ్మరు.

ఇక ఎక్కువ కోసేశారని ఎప్పుడో తెలిసి, ఆ సొమ్ము వెనక్కి రాబట్టే దారి ఉందని ఎవరైనా చెబుతారు. ఉంది. అమెరికా పన్ను నంబరు కోసం డబ్ల్యూ-7 పెట్టాలి, పాస్‌పోర్టు ధ్రువీకృత నకలు జతచేయాలి, దాంతోపాటే 1040-ఎన్‌ఆర్ అనే రిటర్ను వేయాలి. అంత ఓపికే ఉంటే ఆ మొదటి ఒక్క పేజీ అప్పుడే నింపేవాళ్లు కదా. మానేయండి, కొత్త పాట కట్టుకోండి.